విదేశీ మాల్ కొనేముందు: పెట్టె మీద ఏం చదవాలి, ఎక్కడ సరిచూడాలి, తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి

చైనాలో తయారైన చార్జర్ నల్లగొండ ప్రకాశం బజార్‌కు చేరాలంటే చాలా చేతులు మారాలి. ఓడలో చెన్నైకో, ముంబై పక్కనున్న నవా షెవాకో వస్తుంది. అక్కడ కస్టమ్స్ దాటి, బేగంబజార్ గోదాములోనో కోఠి గుజరాతీ గల్లీలోనో డజన్ల లెక్కన విడిపోయి, ట్రాన్స్‌పోర్ట్ లారీ ఎక్కి మన ఊళ్లో దిగుతుంది. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి దుకాణాలకైనా, వనపర్తి, నాగర్‌కర్నూల్ షాపులకైనా దాదాపు ఇదే దారి.

ఈ దారి మొత్తంలో ప్రభుత్వం మాల్‌ను ఆపి చూసే ముఖ్యమైన చోటు ఓడరేవు ఒక్కటే. అక్కడైనా ప్రతి పెట్టె విప్పరు. ఏ సరుకులో రిస్క్ ఎక్కువో కంప్యూటర్ లెక్క కట్టి కొన్ని కంటైనర్లను పరీక్షకు ఆపుతుంది, మిగతావి కాగితాల మీదే బయటపడతాయి. బొమ్మలను ‘ప్లాస్టిక్ సామాన్లు’ అని రాయించి దాటించే వాళ్లూ ఉంటారు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. సుంకం పెరిగిన కొద్దీ ఇలా పేరు మార్చి తేవాలన్న ఆశ కూడా పెరుగుతుంది. ఓడరేవు దాటాక ఆ పెట్టెను విప్పి చూసే మొదటి మనిషి దుకాణదారు, రెండో మనిషి కొనేవాడు. ఈ మార్గదర్శి ఆ ఇద్దరి కోసం.

మా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినే ప్రశ్న ‘ఐఎస్ఐ మాలేనా అన్నా?’ అని. అవునంటే చాలు, అక్కడితో పరీక్ష అయిపోతుంది. ముద్ర అచ్చు కొట్టడం ఎవరికైనా చేతనవుతుంది. అది ఎవరికిచ్చిన ముద్ర, ఏ వస్తువుకిచ్చిన ముద్ర అన్నది దాని పక్కనున్న నంబర్లు చెబుతాయి. రోడ్డు మీద పోలీసు ఆపితే బండికి నంబర్ ప్లేట్ ఉందని వదిలేయడు, ఆర్‌సీలో రాసిన బండి ఇదేనా అని చూస్తాడు. వస్తువును కూడా అలాగే చూడాలి.

మొదటి మెట్టు: ఈ వస్తువుకు ముద్ర తప్పనిసరేనా?

అన్ని వస్తువులకూ ఐఎస్ఐ అక్కర్లేదు. ఐఎస్ఐ ముద్ర ఇచ్చే బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, వేల ప్రమాణాలు రాసి పెట్టింది. వాటిలో చాలావరకు ఇష్టమైతే పాటించేవే. ఫలానా వస్తువుకు ముద్ర ఉండి తీరాలని కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చినప్పుడు మాత్రం అది తప్పనిసరి అవుతుంది. వ్యాపారులు దాన్నే క్యూసీఓ అంటారు. ఉత్తర్వు వచ్చాక ఆ వస్తువు షాద్‌నగర్‌లో తయారైనా చైనాలోని షెన్‌జెన్‌లో తయారైనా రూలు ఒక్కటే. విదేశీ ఫ్యాక్టరీ కూడా బీఐఎస్ నుంచే లైసెన్స్ తీసుకోవాలి. మన అధికారులు ఆ దేశం వెళ్లి ఫ్యాక్టరీని తనిఖీ చేస్తారు. ఇక్కడ తన తరఫున జవాబు చెప్పే భారతీయ ప్రతినిధిని ఆ కంపెనీ నియమించుకోవాలి.

మన ఇళ్లలో తిరిగే వస్తువుల్లో ఐఎస్ఐ తప్పనిసరైనవి కొన్ని గుర్తుంచుకుంటే చాలు. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, బ్యాటరీతోనో కరెంటుతోనో నడిచేవాటికి ఐఎస్ 15644. టూవీలర్ హెల్మెట్‌కు 2021 జూన్ 1 నుంచి, ప్రమాణం ఐఎస్ 4151. ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ 2347. ఇస్త్రీ పెట్టెకు ఐఎస్ 366, నీళ్లు కాచుకునే రాడ్‌కు ఐఎస్ 368, ప్లగ్గులు, సాకెట్లకు ఐఎస్ 1293, ఇంటి వైరింగ్ వైరుకు ఐఎస్ 694.

మొబైల్ ఫోన్, చార్జర్, పవర్ బ్యాంక్, ఎల్ఈడీ బల్బు, టీవీ లాంటి ఎలక్ట్రానిక్స్ వేరే పద్దు. వాటికి ఐఎస్ఐ బదులు బీఐఎస్ ఇచ్చే ఆర్ నంబర్ ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఉంది. ఐఎస్ఐ ఇవ్వాలంటే ఫ్యాక్టరీని చూస్తారు, తర్వాత కూడా నమూనాలు తీస్తారు. ఆర్ నంబర్‌కు మాత్రం కంపెనీ తన వస్తువును బీఐఎస్ గుర్తించిన ల్యాబులో పరీక్ష చేయించి, ఇకమీదట తయారయ్యేవన్నీ ఇలాగే ఉంటాయని తనే ప్రకటించుకుంటుంది. నంబర్ ఇచ్చేముందు ఎవరూ ఫ్యాక్టరీకి వెళ్లరు. అందుకే ఆర్ నంబర్ ఉన్న వస్తువును చేత్తో కూడా ఒకసారి తిప్పి చూసుకోవాలంటాను.

తినేవాటికి ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఒంటికి పూసుకునేవాటికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అయిన సీడీఎస్‌సీఓ. వాటి సంగతి కింద వస్తుంది.

రెండో మెట్టు: నంబర్ చదవడం

ఐఎస్ఐ ముద్రకు పైన ఐఎస్ అని, పక్కన ప్రమాణం నంబర్ ఉంటాయి. కింద సీఎం/ఎల్ అని, దాని వెంట లైసెన్స్ నంబర్. పైనా కిందా ఏమీ లేకుండా బొమ్మ ఒక్కటే ఉందంటే నమ్మకండి. ఎలక్ట్రానిక్స్ మీద ముద్ర పైన ప్రమాణం నంబర్, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెలు ఉంటాయి. మొబైల్ చార్జర్‌కైతే పైన ఎక్కువగా ఐఎస్ 13252 కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి, డబ్బులేం పడవు. సీఎం/ఎల్ నంబర్ అయితే ‘వెరిఫై లైసెన్స్ డీటెయిల్స్’లో, ఆర్ నంబర్ అయితే దానికున్న వేరే గడిలో కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, వస్తువు, బ్రాండ్, లైసెన్స్ నడుస్తోందా ఆగిపోయిందా అన్నది వస్తాయి. ఇక్కడే చాలామంది ‘ఏదో వచ్చింది కదా’ అని యాప్ మూసేస్తారు. నాలుగు సంగతులు సరిపోవాలి: కంపెనీ పేరు పెట్టె మీదున్నదేనా, బ్రాండ్ అదేనా, వస్తువు అదేనా, లైసెన్స్ ఈ రోజుకు బతికి ఉందా.

ఉదాహరణకు చేతిలో తెల్ల చార్జర్ ఉందనుకోండి. యాప్‌లో నంబర్ కొడితే కంపెనీ వివరాలు చక్కగా వచ్చాయి, కానీ వస్తువు దగ్గర ‘ఎల్ఈడీ ల్యాంప్’ అని ఉంది. అంటే నంబర్ నిజమైనదే, మాల్ మాత్రం దానిది కాదు. ఎవరో బల్బు కంపెనీ నంబర్‌ను ఎత్తుకొచ్చి చార్జర్ మీద అచ్చేశారు. అసలు లేని నంబర్ వేస్తే ‘దొరకలేదు’ అని వచ్చి దొరికిపోతారు కాబట్టి ఇలా వేరేవాళ్ల నంబర్ ఎత్తుకోవడం వాళ్లకు తేలిక.

ఇంకో మోసం ఇస్త్రీ పెట్టెలు, రైస్ కుక్కర్ల దగ్గర. ‘ఐఎస్ఐ ఎక్కడుంది?’ అని అడగ్గానే అమ్మేవాడు ప్లగ్గు తిప్పి చూపిస్తాడు. దాని మీద ముద్ర నిజంగానే ఉంటుంది, పైన ఐఎస్ 1293. అది ప్లగ్గుకిచ్చిన లైసెన్స్. వైరు మీద ఐఎస్ 694 కూడా కనిపించొచ్చు, అది వైరుకిచ్చింది. ఇస్త్రీ పెట్టె ఒంటి మీద ఐఎస్ 366 లేకపోతే ఇస్త్రీ పెట్టెకు ముద్ర లేనట్టే. ఐఎస్ఓ 9001 అని బంగారు రంగు స్టిక్కర్ అంటించి ఉన్నా మోసపోవద్దు. అది కంపెనీ పని నడిపే పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్. ఆ వస్తువు షాక్ కొట్టదని అందులో ఎవరూ హామీ ఇవ్వలేదు.

వాట్సాప్‌లో తిరిగే రెండు సంగతులు కూడా చెప్పాలి. సీఈ ముద్రలో అక్షరాలు దగ్గరగా ఉంటే ‘చైనా ఎక్స్‌పోర్ట్’ అని ఒక ఫార్వర్డ్. అలాంటి ముద్రంటూ అధికారికంగా ఏదీ లేదు. సీఈ యూరప్ మార్కెట్ ముద్ర, చాలా వస్తువులకు కంపెనీ తనకు తానే వేసుకుంటుంది. అసలుదైనా నకిలీదైనా మన దేశంలో ఐఎస్ఐకి బదులు చెల్లదు. రెండోది బార్‌కోడ్. 690 నుంచి 699 వరకు అంకెలతో మొదలైతే చైనా మాల్, 890 అయితే స్వదేశీ అని చెబుతారు. ఆ అంకెలు బార్‌కోడ్ ఇచ్చిన దేశపు సంస్థవి. మన కంపెనీ 890 కోడ్ తీసుకుని సరుకు చైనాలో చేయించుకోవచ్చు. తయారీ దేశం కావాలంటే లేబుల్ చదవాల్సిందే.

మూడో మెట్టు: లేబుల్‌లో మన దేశపు చిరునామా

2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం దిగుమతి చేసిన ప్యాకెట్ మీద కొన్ని వివరాలు ఉండి తీరాలి. దిగుమతి చేసినవారి పేరు, పూర్తి చిరునామా, తయారైన దేశం, వస్తువు సాధారణ పేరు, పరిమాణం లేదా సంఖ్య, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరో మెయిలో. ఇవి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటాయి. విదేశీ పెట్టె మీద విడిగా స్టిక్కర్ అంటించి ఇస్తే ఒప్పే. ఆన్‌లైన్‌లో కొన్నా తయారీ దేశం ఆ పేజీలోనే చూపాలి.

వీటన్నింటిలో నేను ముందు చూసేది దిగుమతిదారు చిరునామా. ఎంఆర్‌పీ తప్పుంటే పదో పరకో పోతుంది. చిరునామా లేదంటే మాత్రం రేపు ఆ వస్తువు పేలినా కాలినా నిలదీయడానికి ఈ దేశంలో మనిషే లేడన్నమాట. పెట్టె నిండా చైనా అక్షరాలే ఉండి ఒక్క స్టిక్కర్ కూడా లేకపోతే, ఎంత చవకైనా కింద పెట్టేయండి.

‘మార్కెటెడ్ బై’ అని మాత్రమే ఉంటే దిగుమతి చేసింది ఎవరో విడిగా వెతకండి. ఇద్దరూ వేర్వేరు కావచ్చు. ఎంఆర్‌పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ధర పెంచడం చట్టప్రకారం తప్పు.

నాలుగో మెట్టు: చేత్తో పట్టుకుని చూడటం

*కరెంటు వస్తువులు.* మన దగ్గర సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వస్తువు వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉన్న వరుస చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఒక్కటే ఉంటే అమెరికా మాల్. నల్లగొండ, సూర్యాపేట వైపు అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వచ్చేటప్పుడు కాఫీ మేకరో, హెయిర్ డ్రయ్యరో ప్రేమగా తెస్తారు. దాన్ని పిన్ను మార్చే అడాప్టర్‌తో మన సాకెట్‌లో పెడితే పిన్ను మారుతుంది గానీ వోల్టేజీ మారదు. 120కి చేసిన హీటింగ్ కాయిల్‌కు 230 ఇస్తే పుట్టే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. కాయిల్ తెగిపోతే అదృష్టమే, తెగకపోతే ప్లాస్టిక్ అంటుకుంటుంది. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లకు సాధారణంగా ఈ గొడవ ఉండదు.

తర్వాత ప్లగ్గు. మంచి ప్లగ్గు పిన్నులు ఇత్తడివి. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం తెచ్చి పిన్నుకు ఆనించండి. అతుక్కుంటే ఇనుముకు మెరుగు పూసినవి, లోడు పడితే వేడెక్కుతాయి. ఒంటికి ఇనుమో స్టీలో ఉన్న వస్తువుకు మూడు పిన్నులు ఉండాలి, మూడోది ఎర్త్. రెండు పిన్నులే ఉంటే లేబుల్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు వెతకండి. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ అవసరం లేదని దానర్థం. స్టీలు ఒంటి రైస్ కుక్కర్‌కు రెండు పిన్నుల ప్లగ్గు ఉండి, ఆ గుర్తు లేకపోతే తిరిగి ఇచ్చేయండి.

మూడు పిన్నులున్నా మీ ఇంట్లో మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉందా అన్నది వేరే ప్రశ్న. మన ఊళ్లలో చాలా పాత ఇళ్లకు ఆ రంధ్రం ఉత్త అలంకారమే. ఎలక్ట్రీషియన్ వేరే పని మీద వచ్చినప్పుడు అది కూడా చూడమనండి.

కొత్త వస్తువును మొదటిసారి పెట్టినప్పుడు పక్కనే ఉండి కాసేపు నడపండి. ఒంటికి టెస్టర్ ఆనిస్తే వెలుగుతోందా, ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత కాలుతోందా, ప్లాస్టిక్ వాసన వస్తోందా? ఏ ఒక్కటి జరిగినా స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి. నీళ్ల రాడ్‌ను మాత్రం నీళ్లలో ముంచాకే స్విచ్ వేయాలి. ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి.

పవర్ బ్యాంక్ దగ్గర ఎక్కువ మోసం సామర్థ్యం అంకెలో జరుగుతుంది. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. బయటికొచ్చేది 5 వోల్టులు కాబట్టి కాగితం మీదే అది 7,400కు దిగుతుంది, మార్పిడిలో ఇంకొంత పోతుంది. నిజాయితీ కంపెనీ ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఆ తక్కువ అంకె కూడా వేస్తుంది. అరచేతిలో ఇమిడిపోయే బిళ్ల మీద 50,000 అని ఉంటే నవ్వుకుని ముందుకు కదలండి. ఇక ఒక పక్క ఉబ్బిన పవర్ బ్యాంక్ ఎంత ఖరీదైనదైనా వాడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు.

ఫోన్ కొంటే, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌ది, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ నంబర్ రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ నంబర్ ఏ కంపెనీ, ఏ మోడల్ ఫోన్‌దో వస్తుంది. చేతిలోది అదే కాకపోతే వదిలేయండి.

*బొమ్మలు.* చెరువుగట్టు, కురుమూర్తి, మన్యంకొండ, పెద్దగట్టు... ఏ జాతరకు పోయినా దుప్పటి పరిచి బొమ్మలు గుట్టగా పోసి అమ్ముతారు. చాలావాటికి కవరు కూడా ఉండదు. జాతరకు వెళ్లి పిల్లలకు బొమ్మ కొనకుండా రమ్మని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. కనీసం ఈ మూడూ చూడండి.

ఒకటి, మూడేళ్ల లోపు పిల్లకైతే ఊడివచ్చే చిన్న ముక్కలు. ప్రమాణంలో దీనికొక కొలత గొట్టం ఉంది, వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క గొంతుకు అడ్డం పడగలదని లెక్క. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. దానికన్నా కాస్త పెద్ద ముక్క కూడా ప్రమాదమే. కారు చక్రం, బొమ్మ కన్ను, కూత పెట్టే గుండీ, వీటిని గట్టిగా లాగి, మెలితిప్పి చూడండి. కొట్టు దగ్గరే ఊడితే మంచిదే, ఇంట్లో ఊడదు.

రెండు, బ్యాటరీ మూత. గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఉన్న బొమ్మకు మూత మీద స్క్రూ ఉండాలి, గోటితో తెరుచుకోకూడదు. లైటు వెలిగే ఉంగరాలు, పాటల కార్డులు, ఎగిరే చిన్న బొమ్మల్లో ఈ బ్యాటరీలే ఉంటాయి. పిల్ల మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని 2 గంటల్లోనే కాల్చేయగలదు. అరటిపండు పెట్టి కిందికి దించుదామని ఇంట్లో కూర్చోవద్దు, వాంతి చేయించొద్దు. నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి వెళ్లి ‘బ్యాటరీ మింగింది’ అని ముందే చెప్పండి. గట్టి చిన్న అయస్కాంతాలు రెండు మింగినా అంతే, పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

మూడు, నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు రంగు గోళీలు. చిన్న పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు. మింగితే లోపల కూడా ఉబ్బుతాయి.

రంగులో సీసం ఉందా, మెత్తటి ప్లాస్టిక్‌లో థాలేట్లు, అంటే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు, ఉన్నాయా అన్నది కంటికీ ముక్కుకూ తెలియదు. వాసన లేని బొమ్మ మంచిదని కూడా ఏం లేదు. అది ల్యాబులో తేలాల్సిన సంగతి కాబట్టే ఐఎస్ 9873 నంబర్ అడిగేది. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, నిర్మల్, కొండపల్లి లాంటి భౌగోళిక గుర్తింపు పొందిన వాటికి ఐఎస్ఐ అక్కర్లేదు. ముద్ర లేదని ఆ అమ్మేవాళ్లతో గొడవ పెట్టుకోకండి.

*క్రీములు.* వారంలో తెల్లబరుస్తామనే విదేశీ క్రీముల్లో పాదరసం ఉండటం కొత్త సంగతేం కాదు. కేరళ మలప్పురంలో 2023లో అలాంటి క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు రావడం బయటపడింది. మన నిబంధనల్లో పాదరసం కావాలని కలపడం నిషేధం, పొరపాటున కలిసినా మామూలు కాస్మెటిక్స్‌లో పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. దిగుమతి కాస్మెటిక్ మీద దిగుమతి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్, దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఇవి లేని డబ్బాను బ్యూటీ పార్లర్‌లో ‘దుబాయ్ మాల్’ అని ఎంత గొప్పగా చెప్పినా మొహానికి పూయనివ్వొద్దు. వాడుతుండగా మొహమో కాళ్లో వాస్తే వెంటనే ఆపి డాక్టర్‌కు డబ్బా చూపించండి.

*తినేవి.* ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు పక్కన 14 అంకెల లైసెన్స్ నంబర్ దిగుమతిదారుది ఉండాలి. ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్‌లో వెతికితే పేరు వస్తుంది. శాకాహార, మాంసాహార గుర్తు కూడా ఉండాలి. కొరియా, చైనా ప్యాకెట్ల మీద తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉంటుంది. అమెరికా వాటి మీద నెల ముందు వస్తుంది. 03/08 అంటే అక్కడ మార్చి 8, మనం ఆగస్టు 3 అనుకుని ఐదు నెలలు ఎక్కువ తింటాం. చైనా పాలు, పాల పదార్థాలు, వాటితో చేసిన చాక్లెట్ల దిగుమతిని మెలమైన్ అనే రసాయనం కల్తీ బయటపడ్డాక 2008లో నిషేధించి, ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చారు. అలాంటి చాక్లెట్ కౌంటర్‌లో కనిపిస్తే అది ఏ దారిన వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఐదో మెట్టు: పక్కా బిల్లు

బిల్లు మీద బ్రాండ్, మోడల్, సీరియల్ నంబర్ రాయించండి. ‘మిక్సీ 1’ అని ఉన్న కచ్చా చీటీ రేపు ఏ మిక్సీదో ఎవరూ తేల్చలేరు. జీఎస్టీ లేకుండా ఇస్తే 100 తగ్గుతుందంటారు. తగ్గేమాట నిజమే, దాంతోపాటే మీరు ఆ దుకాణంలో కొన్న రుజువు కూడా పోతుంది.

దుకాణదారులకు: బేగంబజార్‌లోనే ఆపాలి

ఇక్కడ కాసేపు మన వ్యాపారులతో మాట్లాడాలి. ‘నేను తయారు చేయలేదు, తెచ్చి అమ్మాను, నాదేం తప్పు’ అన్నది చట్టం ముందు నిలవదు. ముద్ర తప్పనిసరైన వస్తువును అది లేకుండా అమ్మినా, నిల్వ చేసినా 2016 బీఐఎస్ చట్టం 29వ సెక్షన్ రాసింది ఇది: 2 ఏళ్ల దాకా జైలు, లేదా మొదటిసారి కనీసం 2 లక్షల జరిమానా, మళ్లీ దొరికితే కనీసం 5 లక్షలు, సరుకు విలువకు 10 రెట్ల దాకా కూడా పోవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తయారీదారు ఎవరో తెలియని వస్తువుతో హాని జరిగితే పరిహారం భారం అమ్మినవాడి మీద కూడా పడుతుంది. పెద్దవాళ్లను వదిలేస్తారనీ అనుకోవద్దు. 2022లో ఐఎస్ఐ లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు పెద్ద ఆన్‌లైన్ సంస్థలకు లక్ష చొప్పున జరిమానా వేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇమ్మని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆదేశించింది.

హోల్‌సేల్ కొట్లో మాట ఇలా నడుస్తుంది.

“సేట్, దీని ఆర్ నంబర్ కొడితే బల్బు వస్తుంది కదా.”

“అన్నా, ఊరంతా గిదే తీస్కపోతుండ్రు. నువ్వొక్కనివే అడుగుతున్నవ్.”

“నాకు లైసెన్స్ కాపీ, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ వాట్సాప్ చెయ్యి సేట్. వచ్చినంక పెట్టె కట్టించు.”

బిల్ ఆఫ్ ఎంట్రీ అంటే కస్టమ్స్‌లో దాఖలు చేసిన దిగుమతి కాగితం. ధర గడి చెరిపేసి ఇచ్చినా ఫర్వాలేదు, వస్తువు పేరు, దిగుమతిదారు పేరు కనిపిస్తే చాలు. అవి మీ జీఎస్టీ బిల్లుతో, పెట్టె మీది స్టిక్కర్‌తో సరిపోవాలి. నాకు తెలిసినంతలో సరైన మాల్ ఉన్నవాడు విసుక్కుంటూనైనా కాపీ పంపుతాడు. లేనివాడు రేటు తగ్గిస్తాడు. ఆ తగ్గింపును చూసే జాగ్రత్త పడాలి.

మాల్ దిగాక పైనున్న రెండు మూడు పెట్టెలు చూసి సంతకం పెట్టడం మన అలవాటు. నమూనా తీయడానికి ఐఎస్ 2500 అని ఒక ప్రమాణమే ఉంది. పెద్ద కంపెనీలు సాధారణంగా పాటించే లెక్కలో 91 నుంచి 150 వరకు ఉన్న లాటుకు 20 తీసి చూస్తారు, మామూలు లోపాలు ఒక్కటుంటే ఒప్పుకుంటారు, రెండుంటే లాటు తిప్పి పంపుతారు. 281 నుంచి 500 వరకైతే 50 తీస్తారు, 3 దాకా ఒప్పుకుంటారు. షాక్ కొట్టడం, తేలిన వైరు, స్క్రూ లేని బ్యాటరీ మూత లాంటి ప్రాణం మీదికొచ్చే లోపం ఒక్కటి దొరికినా లాటంతా పక్కన పెట్టాల్సిందే. నమూనాలు అడుగు పెట్టెల నుంచి కూడా తీయండి. మంచివి పైన పేర్చడం పాత విద్యే.

నేరుగా చైనా నుంచి తెప్పించుకుందామనే కుర్రాళ్లు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నారు. దిగుమతి కోడ్ ఐఈసీకి 500 రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లోనే వస్తుంది. అది తేలిక కాబట్టే అంతా అయిపోయిందనుకుంటారు. వస్తువు క్యూసీఓలో ఉంటే ఆ ఫ్యాక్టరీకి ముందే బీఐఎస్ లైసెన్స్ ఉండాలి. లేకపోతే సరుకు ఓడరేవులో చిక్కుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ అద్దె మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అడ్వాన్స్ పంపేముందు ఆ ఫ్యాక్టరీ నంబర్ యాప్‌లో చూసుకోండి.

తేడా వస్తే

ముందు వాడటం ఆపండి. వస్తువు, పెట్టె, లేబుల్, నంబర్, కాలిన చోటు, బిల్లు అన్నీ ఫొటో తీయండి. దుకాణానికి వెళ్లి అడగండి, నోటిమాటతో పాటు వాట్సాప్‌లో కూడా రాసిపెట్టండి. చాలావరకు అక్కడే తెగుతుంది.

తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. నకిలీ ముద్ర, తప్పు నంబర్ అయితే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు గడి ఉంది. లేబుల్ మీద చిరునామా, ఎంఆర్‌పీ లేకపోతే జిల్లా తూనికలు కొలతల శాఖకు, తిండి సంగతైతే ఫుడ్ సేఫ్టీ అధికారికి, క్రీము అయితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయండి. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఉన్నాయి. ఢిల్లీ కంపెనీ మీదైనా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. కొన్న విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు 2 ఏళ్లు.

కేసు దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే వస్తువును రిపేరుకు ఇవ్వకండి. లోపం పరీక్షలోనే తేలాలనుకుంటే కమిషన్ దానికి సీలు వేసి ల్యాబుకు పంపిస్తుంది, మధ్యలో ఎవరైనా స్క్రూ విప్పి ఉంటే అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే. ‘కంపెనీకి పంపి చూపిస్తాం, ఇవ్వండి’ అని దుకాణంలో అడిగితే, మోడల్, సీరియల్ నంబర్, తేదీ, ఏ స్థితిలో తీసుకున్నారో రాసిన రసీదు చేతికొచ్చాకే ఇవ్వండి.